98 శాతం వచ్చాక ఇంకేం మిగిలింది?

నా దగ్గర ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన అమ్మాయి ఒకతె ఈ మధ్య ఒక ప్రకటన పంపింది. యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయం వారిది. అతివాహక నానోతీగలతో ఒక్కొక్క ఫోటాన్‌నూ పట్టుకునే డిటెక్టర్ల మీద పీహెచ్‌డీ చేసేందుకు విద్యార్థి కావాలి, నాలుగేళ్లూ జీతం ఇస్తాం అని దాని సారాంశం. కింద ఆమె ప్రశ్న ఉంది: "సార్, వీటి సామర్థ్యం ఎప్పుడో 98 శాతానికి చేరిందట. మిగిలిన రెండు మార్కుల కోసం నాలుగేళ్లు ధారపోయడం అవసరమా?"

వెంటనే ఫోన్ చేయబోయి ఆగాను. ప్రశ్న ఒక్క వాక్యమే. జవాబు చెప్పాలంటే మాత్రం ఈ రంగం పాతికేళ్లలో ఏం సాధించింది, దేన్ని పక్కన పెట్టి ఆ అంకెను అందుకుంది అన్నది మొదటినుంచీ చూడాలి. ఆమెకు చెప్పినదాన్నే కాస్త విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ప్రకటనలు చూసి ఇదే సందేహంలో పడే పిల్లలు మన ఊళ్లలో ఇంకా ఉంటారు.

ముందు, పట్టుకోవలసింది ఎంత చిన్నదో చూద్దాం. టెలిఫోన్ ఫైబర్లలో నడిచే కాంతి తరంగదైర్ఘ్యం 1550 నానోమీటర్లు. ఒక మిల్లీవాట్ లేజర్ ఆ కాంతిని విడుదల చేస్తుంటే సెకనుకు దాదాపు 78 కోట్ల కోట్ల ఫోటాన్లు బయటికొస్తాయి. వాటిలో ఒక్కదాన్ని, అది వచ్చిన క్షణంతో సహా గుర్తించాలి. ఆ ఒక్క ఫోటాన్ శక్తి 0.8 ఎలక్ట్రాన్ వోల్టు. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను కదిలించాలంటే 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి కనుక ఈ కాంతికి సిలికాన్ కిటికీ గాజు లాంటిది, ఆపకుండా దాటనిస్తుంది. ఇండియం గాలియం ఆర్సెనైడ్‌తో చేసిన డయోడ్లు పట్టుకుంటాయి గానీ, నాలుగింట మూడు వంతులు జారవిడుస్తాయి. పైగా ఒకసారి మోగాక, ఫోటాన్ ఏదీ రాకపోయినా, కాసేపటికి తమంతట తామే మళ్లీ మోగుతాయి.

అతివాహకంలో లెక్క వేరు. అక్కడ జంటకట్టి తిరిగే ఎలక్ట్రాన్లను విడదీయడానికి కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ఒక్క ఫోటాన్ పడితే వందలకొద్దీ జంటలు చెదురుతాయి. ఈ తేడాను వాడుకోవడంలోనే ఈ పరికరం కిటుకంతా ఉంది. నయోబియం నైట్రైడ్ లాంటి పదార్థాన్ని నాలుగైదు నానోమీటర్ల మందాన పొరగా వేసి, దాన్ని సుమారు 100 నానోమీటర్ల వెడల్పు తీగగా చెక్కుతారు. రెండు మూడు కెల్విన్ల చలిలో పెట్టి, సందిగ్ధ ప్రవాహానికి, అంటే మించితే అతివాహకత పోయే హద్దుకు, కాస్త కిందిదాకా కరెంటు పంపుతారు. గట్టు అంచుదాకా నిండిన చెరువును తలుచుకోండి. ఫోటాన్ పడిన చోట అతివాహకత బలహీనపడుతుంది, కరెంటు పక్కలకు ఒత్తుకుంటుంది, అక్కడా హద్దు మీరుతుంది, తీగ అడ్డంగా తెగినట్టు మామూలు లోహమైపోతుంది. నిరోధం సున్నా నుంచి వేల ఓములకు ఎగబాకుతుంది. దారి మూసుకుపోయిన కరెంటు ఆంప్లిఫయర్ వైపు మళ్లి ఒక వోల్టేజీ పల్స్‌గా కనిపిస్తుంది. ఆ తరవాత పదుల నానోసెకన్లలో తీగ చల్లబడి మళ్లీ సిద్ధమవుతుంది.

హైకే కామర్లింగ్ ఓన్స్ 1911లో లైడెన్‌లో పాదరసాన్ని 4.2 కెల్విన్ల దగ్గర చూసి అతివాహకతను కనిపెట్టాక, దాన్ని ఇలా ఫోటాన్ల లెక్కకు వాడటానికి తొంభై ఏళ్లు పట్టింది. 2001లో గ్రెగరీ గోల్ట్‌స్‌మన్ బృందం అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారితో కలిసి మొదటి నానోతీగ డిటెక్టర్‌ను ప్రకటించింది. గోల్ట్‌స్‌మన్ పనిచేసింది మాస్కో స్టేట్ పెడగాజికల్ యూనివర్సిటీలో, అంటే ఉపాధ్యాయులను తయారుచేసే విశ్వవిద్యాలయంలో. "మా కాలేజీ పేరు ఎవరికీ తెలీదు సార్" అనే పిల్లలకు నేనీ సంగతి తప్పకుండా చెబుతాను.

మొదటి తీగలు మీద పడిన ఫోటాన్లలో ఎక్కువభాగాన్ని వదిలేసేవి. నాలుగు నానోమీటర్ల పొరలోంచి కాంతి దూసుకుపోవడం సహజం. 2006లో ఎంఐటీ బృందం తీగను కాంతి అటూ ఇటూ ప్రతిఫలించే కుహరంలో పెట్టి సామర్థ్యాన్ని 57 శాతానికి చేర్చింది. 2013లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నయోబియం నైట్రైడ్‌ను వదిలి టంగ్‌స్టన్ సిలిసైడ్‌ను పట్టుకుంది. ఇది స్ఫటిక రూపం లేని పదార్థం. రేణువుల మధ్య సరిహద్దులు ఉండవు కనుక తీగ పొడవునా ఒకే గుణం. ఆ మార్పుతో ఒక్కసారిగా 93 శాతం వచ్చింది. మూల్యం చలి రూపంలో చెల్లించాల్సి వచ్చింది: ఈ తీగ బాగా పనిచేయాలంటే ఒక కెల్విన్‌కు అటూ ఇటూగా చల్లబరచాలి. 2020లో అదే సంస్థ నుంచి దిలీప్ రెడ్డి మొదటి రచయితగా వచ్చిన పత్రం 98 శాతాన్ని నమోదు చేసింది. మరుసటి ఏడు నెదర్లాండ్స్ బృందం 99.5 శాతమని రాసింది.

ఆ 99.5 పక్కనే రాసిన దోష పరిమితిని ఆ అమ్మాయి చూడలేదు. కిందివైపు అది రెండు శాతం పైచిలుకు. లోపలికి ఎన్ని ఫోటాన్లు పంపామో కచ్చితంగా తెలిస్తేనే ఎన్ని పట్టుకున్నామో చెప్పగలం. పంపినవాటిని లెక్కించేది పవర్ మీటరు. అది చదవగలిగే లేజర్ కాంతిని, తీగ తట్టుకోగలిగేటంత పలచన చేయడానికి వరసగా అటెన్యుయేటర్లు పెట్టాలి. మీటరులో అర శాతం తేడా ఉంటే తీగ ఖాతాలోనూ అర శాతం తేడా. ఇంత ఎత్తుకు వచ్చాక డిటెక్టర్‌ను మెరుగుపరచడం ఎంత కష్టమో, మెరుగుపడిందని నిరూపించడమూ అంతే కష్టం. కొలత మీద మక్కువ ఉన్న విద్యార్థికి ఇక్కడే ఒక సిద్ధాంత వ్యాసానికి సరిపడా పని ఉంది.

ఈ తీగలు ఏం చేశాయో చెప్పకపోతే వీటి మీద ఇంత ఆశ ఎందుకో అర్థం కాదు. 2007లో వీటితోనే 200 కిలోమీటర్ల ఫైబర్ మీదుగా, రహస్య సందేశాలను భద్రపరిచే క్వాంటం తాళంచెవిని పంచుకున్నారు. 2023లో చైనా బృందం ఆ దూరాన్ని 1002 కిలోమీటర్లకు చేర్చింది. అంత దూరాన ఫోటాన్ రావడమే అరుదు, కనుక డిటెక్టర్ ఊరికే మోగకుండా ఉండటమే అక్కడ ప్రాణాధారం. 2015లో నిస్ట్ వారు క్వాంటం సిద్ధాంతాన్ని శోధించే బెల్ పరీక్షను లొసుగులు లేకుండా చేసింది ఈ తీగలతోనే. 2020లో జియుజాంగ్ అనే కాంతి క్వాంటం యంత్రం ఫోటాన్లను లెక్కపెట్టింది షాంఘైలో చేసిన వంద డిటెక్టర్లతో. ఇక అంతరిక్షం. 2013లో చంద్రుడి చుట్టూ తిరిగే లాడీ నౌక నుంచి సెకనుకు 622 మెగాబిట్ల సమాచారం లేజర్ మీద దిగింది. 2023 డిసెంబరులో సైకీ నౌక 3.1 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి పిల్లి వీడియో ఒకటి పంపినప్పుడు, పాలోమార్ కొండ మీది 200 అంగుళాల హేల్ టెలిస్కోపు చేర్చిన కాంతిని అందుకున్నదీ నానోతీగల వరసే. వైద్యంలో, కాన్సర్ చికిత్సకు వాడే సింగ్లెట్ ఆక్సిజన్ 1270 నానోమీటర్ల దగ్గర విడిచే మినుకుమినుకు వెలుగును గ్లాస్గో పరిశోధకులు వీటితో చూశారు.

ఇంత చేశాయి కనుక పని అయిపోయిందనుకోవడం సహజమే. కాని ఈ ఘనకార్యాలన్నీ ఒకే తీగ చేసినవి కావు. 98 శాతం పట్టిన తీగ ఒకటి. సమయాన్ని మూడు పికోసెకన్ల లోపు కచ్చితత్వంతో చెప్పిన తీగ వేరు. (ఆ వ్యవధిలో కాంతి ఒక మిల్లీమీటరైనా నడవదు.) 2020లో ఆ రికార్డు కోసం వాడిన తీగ పొడవు కొద్ది మైక్రోమీటర్లే, దాని మీద ఫోటాన్ పడటమే ఎక్కువ. సెకనుకు 150 కోట్ల ఫోటాన్లను లెక్కించిన పరికరం మరొకటి, అందులో 32 తీగలున్నాయి. చీకటిలో రెండు రోజులకొక్కసారి మాత్రమే ఊరికే మోగే తీగ ఇంకొకటి, అది కృష్ణపదార్థం జాడ వెతకడానికి చేసినది. ఒకటి బాగుచేస్తే మరొకటి చెడుతుంది. తీగను పొడుగు చేస్తే కాంతి ఎక్కువ చిక్కుతుంది గానీ తిరిగి సిద్ధం కావడం ఆలస్యమవుతుంది. తీగలోని కైనెటిక్ ఇండక్టెన్స్ పొడవుతో పాటు పెరగడమే అందుకు కారణం. ఆ "మిగిలిన రెండు మార్కులు" ఒక సబ్జెక్టులోవి మాత్రమే. మొత్తం పరీక్ష ఇంకా రాయాల్సే ఉంది.

నా అంచనాలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఖాళీ సిద్ధాంతంలో ఉంది. ఫోటాన్ పడగానే తీగలో సరిగ్గా ఏం జరుగుతుంది? మొదట్లో అందరూ నమ్మింది వేడి చుక్క కథ: ఒక చిన్న చుక్కంత చోటు అతివాహకత కోల్పోతుంది, దాని పక్కన కరెంటు ఇరుకవుతుంది. ఆ కథ ప్రకారం తీగ సన్నగా ఉండి తీరాలి. పదిహేనేళ్లకు పైగా ప్రయోగశాలలన్నీ 100 నానోమీటర్ల వెడల్పుతోనే కుస్తీ పట్టాయి. 2017లో నీజ్నీ నొవ్‌గొరోద్‌కు చెందిన వొదొలజోవ్ గణించి, పొర బాగుండి, కరెంటు హద్దుకు దగ్గరగా ఉంటే మైక్రోమీటరు వెడల్పు పట్టీ కూడా ఒక్క ఫోటాన్‌కు స్పందిస్తుందని రాశాడు. సుడుల రూపంలో అయస్కాంత అభివాహం అడ్డంగా దాటడం ఆ లెక్కలో కీలకం. మరుసటి ఏడే రష్యాలో కొర్నేయెవా బృందం నయోబియం నైట్రైడ్ పట్టీల మీద దాన్ని ప్రయోగంతో చూపింది. దీని అర్థం ఏమిటంటే, ఖరీదైన ఎలక్ట్రాన్ బీమ్ లిథోగ్రఫీ లేకుండా, మామూలు కాంతితో ముద్రించే పద్ధతితోనే డిటెక్టర్ చేయవచ్చు. ఒక లెక్క, ఒక ప్రయోగం కలిసి ఈ రంగంలోకి వచ్చే తలుపును పది రెట్లు వెడల్పు చేశాయి. ఈ కథ పూర్తికాలేదు. ఏ పదార్థంలో, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ తరంగదైర్ఘ్యానికి ఏ యంత్రాంగం నడుస్తుందో ఏకాభిప్రాయం లేదు.

పిక్సెళ్ల సంగతి తీసుకుంటే, 2023లో నిస్ట్, నాసా ప్రయోగశాల జేపీఎల్ కలిసి నాలుగు లక్షల పిక్సెళ్ల కెమెరా చేశారు, 800 అడ్డం, 500 నిలువు. అంతకుముందున్నవి వెయ్యి దగ్గరే ఆగాయి. పిక్సెల్‌కో తీగ బయటికి లాగితే ఆ తీగల వెంట వచ్చే వేడికే శీతల యంత్రం చేతులెత్తేస్తుంది. అందుకని పిక్సెల్ మోగిన సంగతిని పక్క తీగకు వేడి ద్వారా అందించి, కొద్ది తీగలతోనే చదివే ఉపాయం పన్నారు. గొప్ప ఉపాయం. అయినా మొత్తం కెమెరా సెకనుకు లెక్కించగలిగింది లక్షా పదివేల ఫోటాన్లే. అది పూర్తి పటిమతో పనిచేసినట్టు చూపింది అతినీల లోహిత, ఎరుపు కాంతులకు. ఫైబర్లలోని 1550 నానోమీటర్లకు కాదు. ఎక్కువ పిక్సెళ్లు, ఎక్కువ వేగం, పరారుణం, మూడూ ఒకచోట చేరాలి.

పరారుణంలోకి ఇంకా లోపలికి వెళ్లేవారూ ఉన్నారు. 10 మైక్రోమీటర్ల దగ్గర ఫోటాన్ శక్తి ఫైబర్ ఫోటాన్‌లో ఆరో వంతు కూడా ఉండదు. 29 మైక్రోమీటర్ల దాకా తీగలు స్పందించాయని 2023లో ప్రచురించారు. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల వాతావరణంలో ఏ వాయువులున్నాయో చదవాలనుకునేవారికి కావలసిన కాంతి ఇదే. ఇక్కడ ఇంకో చిక్కు: గది వెచ్చదనంలో ఉన్న ప్రతి వస్తువూ ఈ కాంతిలోనే వెలుగుతుంది. 1550 దగ్గర కూడా, బయటినుంచి లోపలికి వచ్చే ఫైబరే తన వేడితో కాంతిని మోసుకొచ్చి తీగను అబద్ధంగా మోగిస్తుంది. ఆ ఫైబర్‌ను చలిలో చుట్టలు చుట్టి పెట్టడం దానికొక మందు.

చలి బాధ తగ్గించడానికి అధిక ఉష్ణోగ్రత అతివాహకాలను వాడుదామన్న కోరిక పాతదే. 2023లో బిస్మత్ కుప్రేట్ పొరలతో 25 కెల్విన్ల దాకా ఒక్క ఫోటాన్‌ను గుర్తించగలిగారు. సామర్థ్యం ఇంకా చాలా తక్కువ. ఇది పెరిగితే శీతల యంత్రం ఇప్పటికంటే బాగా చిన్నదవుతుంది, కరెంటు ఖర్చు తగ్గుతుంది. తొందరగా అయ్యే పని కాదు కాబట్టి పీహెచ్‌డీకి ఇది సాహసమే. మంచి గురువు పక్కనుంటే చేయదగ్గ సాహసం.

ఇక ఎక్కడ చేయాలి, ఎవరు పోషిస్తారు అన్నది. కార్ల్ బెర్గ్రెన్ ఉన్న ఎంఐటీ, జేపీఎల్‌తో కలిసి పనిచేసే కాల్‌టెక్, నిస్ట్ ఉన్న బౌల్డర్ అమెరికాలో పెద్ద కేంద్రాలు. యూరప్‌లో డెల్ఫ్ట్, స్టాక్‌హోంలోని కేటీహెచ్, జెనీవా, కార్ల్స్‌రూహే, గ్లాస్గో, ఎడిన్‌బరోలోని హెరియట్ వాట్. నెదర్లాండ్స్‌లో, స్వీడన్‌లో పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే, నియామక పత్రం, జీతం, పింఛనుతో సహా. జర్మనీలోనూ ఉద్యోగమే గాని, ఒప్పందం పూర్తి కాలానికా, సగానికా, ముప్పాతికకా అన్నది చూసుకోవాలి. జీతం అంకె దాన్నిబట్టి మారిపోతుంది. బ్రిటన్‌లో మన విద్యార్థులు ఇలాంటి సబ్జెక్టులకు వీసాకు ముందు అటాస్ అనే అనుమతి తీసుకోవాలి. అందుకు వారాలు పడుతుంది కనుక చివరి నిమిషందాకా ఆగకూడదు.

మన దేశంలో సంగతి వేరుగా, నాకు ఎక్కువ ఆశ కలిగించేలా ఉంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించిన 6003.65 కోట్ల నేషనల్ క్వాంటం మిషన్ లక్ష్యాల్లోనే ఒంటరి ఫోటాన్ల మూలాలు, డిటెక్టర్ల అభివృద్ధి ఉంది. క్వాంటం కమ్యూనికేషన్ కేంద్రం ఐఐటీ మద్రాసులో, కొలతల కేంద్రం ఐఐటీ బొంబాయిలో, పదార్థాలు, పరికరాల కేంద్రం ఐఐటీ ఢిల్లీలో, కంప్యూటింగ్ కేంద్రం బెంగళూరు ఐఐఎస్సీలో. ముంబై టీఐఎఫ్ఆర్‌లో నయోబియం నైట్రైడ్ పలచటి పొరల భౌతికశాస్త్రం మీద ఏళ్ల తరబడి లోతైన పని జరిగింది. బయటి సంస్థల విద్యార్థులు కూడా బెంగళూరు, బొంబాయి నానో ఫ్యాబ్రికేషన్ కేంద్రాలను వాడుకునే పథకం ఉంది. జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37 వేలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42 వేలు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే అంతకన్నా ఎక్కువే. అమరావతి క్వాంటం వ్యాలీలో ఐబీఎం 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రం పెట్టే ప్రణాళికను 2025లో ప్రకటించారు. ఆ క్యూబిట్లూ అతివాహకాలే. పలచటి పొర, నిర్వాత యంత్రం, అతిశీతల యంత్రం, మైక్రోవేవ్ తీగలు, ఇవి తెలిసిన మనిషి రెండు చోట్లా అక్కరకొస్తాడు. మన పిల్లల్లో క్వాంటం అనగానే ప్రోగ్రామింగ్ వైపు పరుగెత్తేవారే ఎక్కువ. ఆ యంత్రాన్ని చల్లగా ఉంచేవారు, తీగ చెక్కేవారు కూడా మన ఊళ్ల నుంచే రావాలని నా గట్టి కోరిక.

ప్రకటన చూసి దరఖాస్తు చేసే ముందు ఆ అమ్మాయిని అడిగి తెలుసుకోమన్న సంగతులు మూడు నాలుగే. పొర ఎవరు వేస్తారు: ఆ ప్రయోగశాలలోనే స్పటరింగ్ యంత్రం ఉందా, వేరే ఊరి నుంచి తెప్పించుకుంటారా? శీతల యంత్రం ఎందరు పంచుకుంటారు, నీ వంతు నెలలో ఎన్ని రోజులు? అంతకుముందు చేసిన విద్యార్థి ఎన్నేళ్లలో ముగించాడు? వీలైతే అతనితోనే మాట్లాడు, పర్యవేక్షకుడి సమక్షంలో కాకుండా. క్లీన్‌రూమ్ ఆరు నెలలు మూతపడి ఏడాది పోగొట్టుకున్నవారిని నేను ఎరుగుదును. ఆ ప్రమాదం గురించి ప్రకటనలో ఉండదు, అదే ప్రయోగశాలలో పనిచేసినవారే చెబుతారు.

దరఖాస్తు పెట్టింది. పోయిన వారం ఇంటర్వ్యూ జరిగింది. సమీకరణాలు అడుగుతారని రాత్రంతా చదువుకుందట. వాళ్లు అడిగింది ఒకే ఒక పరిస్థితి: తీగ చెక్కావు, చల్లబరిచావు, సందిగ్ధ ప్రవాహం లెక్కించినదాంట్లో సగమే వచ్చింది, మొదట ఏం చూస్తావు?

ఒక డిటెక్టర్‌లో తీగ 100 నానోమీటర్ల వెడల్పు, మడతలు మడతలుగా మొత్తం పొడవు దాదాపు ఒక మిల్లీమీటరు. దాన్ని కోటి రెట్లు పెంచితే, మీటరు వెడల్పున్న కాలిబాట పది కిలోమీటర్లు. ఆ పది కిలోమీటర్లలో ఎక్కడ ఒక్కచోట బాట ఇరుకైనా, మొత్తం కరెంటు దానికి తగ్గట్టే ఉండాలి. ఇరుకు లేకపోయినా, మలుపు దగ్గర కరెంటు లోపలి మూలను ఒరుసుకుంటూ గుమికూడుతుంది; మూల పదునుగా ఉంటే హద్దు అక్కడే ముందు దాటుతుంది.

"ఏం చెప్పావమ్మా?" అని అడిగాను.

"ముందు మలుపులు గుండ్రంగా చెక్కానో లేదో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తానన్నాను సార్. అవి బాగుంటే మడతలు లేని తిన్నని తీగ ఒకటి అదే పొర మీద చెక్కి కొలుస్తాను. అదీ సగమే వస్తే తప్పు పొరలో ఉన్నట్టు."

తరవాత అరగంట వాళ్లు ఆ పొర గురించే మాట్లాడారట.